వేలిలోంచి వచ్చే ఎర్రని వెలుతురు: రక్తంలో కాంతి నడకను ఇంట్లోనే గమనించే పద్ధతి

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఏ రేవులోనైనా గాజు గ్లాసుతో నీళ్లు ముంచి ఆకాశం వైపు ఎత్తి చూడండి. గ్లాసంతా ఎర్రమట్టి రంగులో వెలుగుతూ ఉంటుంది గాని, దాని వెనక పెట్టిన వేలు మాత్రం కనబడదు. వెలుతురు ఇవతలికి వస్తూనే ఉంది, వేలి రూపం మాత్రం దారిలో ఎక్కడో పోయింది. అవే నీళ్లలో మన పెద్దవాళ్లు చేసినట్టు చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక ముక్క నాలుగుసార్లు తిప్పినా, తెల్లవారేసరికి మట్టి అడుగుకు దిగి, వేలు గీతలతో సహా కనబడుతుంది. ముందురోజు వేలిని దాచినవి నీటిలో తేలుతున్న ఆ రేణువులే.

మన ఒంట్లో ప్రవహించే రక్తం ఈ విషయంలో వరద గోదావరికి దగ్గర చుట్టమే. దానిలోకి వెళ్లిన కాంతికి రెండు సంగతులు జరుగుతాయి. ఎర్ర రక్తకణాల్లో ఉండి ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఆ కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది. దీన్ని శోషణ అంటారు. ఎర్ర రక్తకణాలు మిగిలిన కాంతి దారిని మళ్లిస్తాయి. దీన్ని పరిక్షేపణ అంటారు. పాఠ్యపుస్తకాల్లో మొదటిదానికి దక్కిన చోటు రెండోదానికి దక్కలేదన్నది, అమలాపురం పరిసరాల్లో ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నా ఫిర్యాదు. కరోనా కాలంలో ఎన్నో ఇళ్లలోకి, వేలికి క్లిప్పులా తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని అంకెగా చూపే పల్స్ ఆక్సీమీటర్ వచ్చి చేరింది. దానిలో వెలుతురు ఏం చేస్తుందో తెలియకపోవడం వల్ల, ఆ అంకెను కొందరు వేదవాక్కుగా తీసుకున్నారు, కొందరు ఉత్త ఆటబొమ్మ అని పక్కన పడేశారు. ఇక్కడ చెబుతున్నది రెండు సాయంత్రాల పని. అది పూర్తిచేసినవారు ఆ అంకెను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు మళ్లీ చూడాలో తామే తేల్చుకోగలుగుతారు.

ఇందుకు రక్తం అక్కరలేదు, ఎవరూ వేలు గుచ్చుకోవద్దు. ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చి, సాదా గాజు గ్లాసులు మూడు, కాస్త గేదెపాలు, కొబ్బరి తురుము పిండి తీసిన చిక్కటి తొలిపాలు, చెంచాడు బీట్‌రూట్ రసం, దసరా పందిళ్లలో ట్యూబులైట్లకు చుట్టే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పారదర్శక కాగితాలు, టీవీ రిమోట్, కెమెరా ఉన్న ఫోను, ఆక్సీమీటర్ ఉంటే చాలు. తిరునాళ్లలో అమ్మే లేజర్ లైట్లను మాత్రం ఈ పనికి దగ్గరకు రానివ్వవద్దు; గాజు మీదనుంచి తిరిగివచ్చి కంట్లో పడితే ప్రమాదం.

మొదటి సాయంత్రం: గ్లాసులు

మూడు గ్లాసుల్లోనూ ముప్పావు వంతు నీళ్లు పోసి, వాటి వెనక ఒక దినపత్రికను నిలబెట్టండి. మొదటి గ్లాసులో బీట్‌రూట్ రసం పది చుక్కలు కలిపితే నీళ్లు ఎర్రబడతాయి గాని, వెనక ఉన్న అక్షరాలు చదవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇది శోషణ ఒక్కటే ఉన్న స్థితి: కొన్ని రంగులు తగ్గిపోయాయి, మిగిలిన కాంతి తిన్నగా వచ్చింది. రెండో గ్లాసులో గేదెపాలు ఒక్కొక్క చుక్కే వేసి కలుపుతూ, ఎన్నో చుక్కకు అక్షరాలు అలుక్కుపోయాయో లెక్కపెట్టండి. అక్షరాలు పూర్తిగా మాయమైన తరువాత పత్రికను తీసేసి, అక్కడ టార్చి వెలిగించి చూస్తే గ్లాసంతా దీపంలా వెలుగుతుంది. పాలు కాంతిని దాదాపుగా పీల్చుకోలేదు, దాని దారులను మాత్రం కలగాపులగం చేశాయి. ఇది పరిక్షేపణ ఒక్కటే ఉన్న స్థితి.

ఇప్పుడు మూడో గ్లాసులో కొబ్బరిపాలు అలాగే చుక్కచుక్కగా కలిపి, గదిలో దీపం ఆర్పి, రెండు గ్లాసులకూ పక్కనుంచి టార్చి వేసి పోల్చి చూడండి. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో ఎక్కువసేపు ఆగి చూడవలసినది ఇక్కడే. పలుచని గేదెపాలలో వెలుతురు చార పక్కనుంచి కొద్దిగా నీలిగా, టార్చికి ఎదురుగా నిలబడి చూస్తే పసుపుగా కనబడుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ రేణువులు కాంతి తరంగం కన్నా చిన్నవి కావడం వల్ల, ఆకాశంలో గాలి అణువులు చేసినట్టే, నీలాన్ని ఎక్కువగా పక్కలకు చెదరగొడతాయి. కొబ్బరిపాలలోని నూనె బిందువులు వాటికన్నా బాగా పెద్దవి. అవి రంగుల మధ్య అంత పక్షపాతం చూపవు, అందుకే అక్కడ చార తెల్లగానే ఉంటుంది. రేణువు పరిమాణాన్నిబట్టి కాంతి చెదిరే తీరు ఎలా మారుతుందో 1908లో జర్మనీకి చెందిన గుస్టావ్ మీ గణితంతో లెక్కగట్టి చూపించాడు.

ఎర్ర రక్తకణం ఈ రెండింటిలో కొబ్బరిపాల పక్షానికి చెందినది. నడుమ నొక్కుకుపోయిన గారెలా ఉండే ఆ కణం వెడల్పు 7 నుంచి 8 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఆక్సీమీటర్ వాడే ఎర్రకాంతి తరంగదైర్ఘ్యం 0.66 మైక్రోమీటర్లు, అంటే 660 నానోమీటర్లు. కణం దానికి పదిరెట్లకు పైగా పెద్దది. అంత పెద్ద అడ్డు తగిలిన కాంతి గోడకు కొట్టిన బంతిలా వెనక్కి రాదు. వంతెన స్తంభాన్ని ఒరుసుకుంటూ సాగే ప్రవాహంలా, కొద్ది డిగ్రీలు పక్కకు వంగి ముందుకే పోతుంది. అయితే స్తంభం ఒక్కటి కాదు. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 50 లక్షల ఎర్రకణాలు ఉంటాయి, రక్తం పరిమాణంలో దాదాపు 40 నుంచి 45 శాతం అవే ఆక్రమిస్తాయి. చిన్న చిన్న వంపులే వరసగా కలిసి, చివరికి కాంతి ఏ దిక్కునుంచి వచ్చిందో చెప్పలేని స్థితి వస్తుంది.

రొయ్యల చెరువులు చేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నలుపు తెలుపు భాగాలున్న సెక్కీ పళ్లేన్ని తాడుకు కట్టి నీటిలోకి దించి, అది కనబడకుండా పోయిన లోతును కొలిచి చెరువు రంగును అంచనా వేయడం వాళ్లకు అలవాటైన పని. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే బాగున్నట్టు లెక్క. భీమవరం వైపు రైతు ఒకాయన నా గ్లాసులన్నీ ఓపికగా చూసి, "ఆయ్, అయితే మన వేలు కూడా రంగు తిరిగిన చెరువేనన్నమాటండి, మాస్టారూ" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

చీకటి గదిలో వేలు

గది పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటుపడేవరకు రెండు మూడు నిమిషాలు ఆగండి. కరెంటు పోయిన రాత్రి అయితే మరీ మంచిది. టార్చి అద్దాన్ని చూపుడువేలి కొసకు కింద ఆనించి, పైనుంచి గోరు వైపు చూడండి. కొస మొత్తం నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. మధ్యలో ఎముక ఉంది కదా, దాని నీడ ఏదీ అని వెతకండి; తీరుగా ఎక్కడా దొరకదు. చర్మంలో, కండలో కాంతి సగటున మిల్లీమీటరులో పదోవంతు నడిచేసరికి ఒకసారి చెదురుతుంది. వేలి మందం పన్నెండు, పదిహేను మిల్లీమీటర్లు ఉంటుంది కనుక, అటునుంచి ఇటు వచ్చిన ప్రతి కిరణమూ వందసార్లకు పైగా మలుపు తిరిగినదే. అది నడిచిన మొత్తం దూరం వేలి మందానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఎముక నీడ చెరిగిపోయింది అందుకే. టార్చిని ఒకేచోట ఎక్కువసేపు అదిమి ఉంచవద్దు. ఫోను ఫ్లాష్ అయితే త్వరగా వేడెక్కి చర్మం చురుక్కుమంటుంది.

తరువాత రంగు కాగితాలను రెండు మడతలుగా వేసి, ఒక్కొక్కటిగా టార్చికి కప్పి చూడండి. ఎర్రకాగితంతో వెలుగు ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆకుపచ్చతో, నీలంతో వేలు దాదాపు చీకటిగా మారుతుంది. ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునేది 415 నానోమీటర్ల దగ్గరి ఊదారంగును, ఆ తరువాత 542, 577 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ, పసుపు రంగులను. 600 దాటాక దాని ఆకలి ఒక్కసారిగా పడిపోతుంది. టార్చినుంచి బయలుదేరిన రంగులన్నిటిలో ఆ పొడవాటి వంకరదారిని తట్టుకుని బయటపడగలిగినది ఎరుపు ఒక్కటే.

ఎరుపుకు అవతల కంటికి కనబడని పరారుణ కాంతి ఉంది. దాన్ని చూడాలంటే టీవీ రిమోట్ ముందు భాగాన్ని ఫోను కెమెరాకు ఎదురుగా పట్టుకుని మీట నొక్కండి. వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో ప్రయత్నించండి. చాలా ఫోన్లలో అది ఊదారంగు తెలుపు చుక్కలా మెరుస్తుంది. ఇప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే పలుచటి చర్మాన్ని రిమోట్ బల్బుకు ఆనించి, అవతలినుంచి కెమెరాతో చూడండి. మెరుపు మసకగా పరుచుకుని కనిపిస్తే, పరారుణం కండలోంచి దూరి వచ్చినట్టే. రిమోట్లలో సాధారణంగా వాడే ఈ 940 నానోమీటర్ల కాంతే ఆక్సీమీటర్లో కూడా రెండో దీపంగా ఉంటుంది.

చేతి మీది సిరలు నీలంగా కనబడటాన్ని చూసి వాటిలో నీలిరక్తం ఉందనుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఒంట్లో నీలిరక్తం మనకు లేదు, చెరువులో రొయ్యకు ఉంది. దానిలో ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హిమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. మన సిర సంగతి వేరు. నీలికాంతి సిర దాకా పోకముందే పైచర్మంలోంచి తిరిగివస్తుంది. ఎర్రకాంతి లోపలికి దిగి సిరను తాకి అక్కడ కొంత పోగొట్టుకుంటుంది. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే ఆ చోటినుంచి ఎరుపు తక్కువగా వస్తుంది కనుక, మన కన్ను దాన్ని నీలంగా చదువుకుంటుంది.

కణం పగిలితే

ఇంట్లో చేయలేని ప్రయోగం ఒకటి ఉంది. దాన్ని నేనొక రక్తపరీక్షా కేంద్రంలో చూశాను. అక్కడి టెక్నీషియన్ రెండు పరీక్షనాళికలు తీసుకుని, ఒకదానిలో సెలైన్, ఇంకొకదానిలో స్వేదనజలం సమానంగా పోసి, రెండింటిలోనూ ఒకే కొలత రక్తం వేశాడు. సెలైన్ నాళిక ఎర్రటి మబ్బుపట్టినట్టు తయారయింది. స్వేదనజలం వేసిన నాళికలో కొద్ది క్షణాలు మసక తిరిగి, ఆ తరువాత తెర తీసినట్టుగా తేటపడి, గోంగూర కాడల రంగుతో నిగనిగలాడింది. నాళికల వెనక ఆయన రోగుల చీటీ పట్టుకుంటే, ఒకదాని వెనక ఏమీ కనబడలేదు, ఇంకొకదానిలోంచి వయసు, తేదీ కూడా చదవగలిగాను. రక్తం అదే, హిమోగ్లోబిన్ అదే. స్వేదనజలంలో నీరు కణాల్లోకి చొరబడి అవి పగిలిపోయాయి, అంతే తేడా. ఒక పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం కణం లోపలి ద్రవానికి సుమారు 1.40, రక్తంలో కణాలు తేలే ద్రవమైన ప్లాస్మాకు 1.35. ఆ కొద్దిపాటి తేడా ఉన్న సరిహద్దు దగ్గరే కాంతి వంగుతుంది. గోడ పగిలి రెండూ కలిసిపోతే వంగవలసిన చోటే ఉండదు.

హిమోగ్లోబిన్ పరీక్ష చేసేటప్పుడు డ్రాబ్‌కిన్ ద్రావణంతో ముందుగా కణాలను పగలగొట్టి, ఆ తరువాతే 540 నానోమీటర్ల కాంతితో కొలవడానికి కారణం ఇదే. తేటగా ఉన్న ద్రావణంలో రంగు చిక్కదనాన్నిబట్టి పదార్థం ఎంతుందో లెక్కకట్టవచ్చు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా ఇలాంటిదే. అందులో ఏర్పడే నీలిరంగు గాఢతే కొలమానం. కాని బతికి ఉన్న మనిషి వేలిలో కణాలను పగలగొట్టలేం కదా. మసకగా ఉన్న రక్తాన్ని మసకగానే ఉంచి కొలిచే ఉపాయం కోసం ఇంకా చాలాకాలం ఆగవలసి వచ్చింది.

రెండో సాయంత్రం: నాడిని చూడటం

ఫోను కెమెరా, ఫ్లాష్ రెండూ కప్పేలా వేలి కొసను ఆనించి, వీడియో తీయండి. మోచేతిని బల్లమీద ఉంచాలి. వేలిని తమలపాకు మీద పెట్టినంత మెత్తగా మాత్రమే ఆనించాలి, ఎందుకంటే గట్టిగా అదిమితే రక్తం పక్కకు జరిగిపోయి, చూడదలచుకున్నదే లేకుండా పోతుంది. తెరమీద ఎర్రటి మైదానం గుండె కొట్టుకున్నప్పుడల్లా రవ్వంత నల్లబడి మళ్లీ తేటబడటం, శ్రద్ధగా చూస్తే కంటికే తెలుస్తుంది. ప్రతి కొట్టుకకూ ధమనులు కాస్త ఉబ్బి, కొంచెం ఎక్కువ రక్తం వచ్చి, కొంచెం ఎక్కువ కాంతి పోతుంది. ఈ తేడా మొత్తం వెలుతురులో సాధారణంగా ఒకటి రెండు శాతమే. నిమిషం పాటు లెక్కపెట్టి, మణికట్టు దగ్గర చేత్తో చూసిన నాడితో సరిపోల్చుకోండి. మణికట్టు గడియారాల అడుగున ఆకుపచ్చ దీపాలు పెట్టడం వెనకా ఇదే ఉంది. రక్తం ఆకుపచ్చను బాగా పీల్చుకుంటుంది కనుక, ఆ రంగులో కొట్టుక ఎక్కువ తేడాతో తెలుస్తుంది.

జపాన్ ఇంజనీరు టకువో అవోయగి 1970ల తొలినాళ్లలో గుండె పంపే రక్తాన్ని ఒక రంగుపదార్థం సాయంతో చెవిదగ్గర కొలవబోతుంటే, ఈ కొట్టుక ఆయన కొలతను పాడుచేస్తూ విసిగించింది. దాన్ని వదిలించుకునే ప్రయత్నంలోనే అసలు సమాచారం దానిలోనే ఉందని ఆయన పట్టుకున్నాడు. పల్స్ ఆక్సీమీటర్‌కు మూలం అదే. చర్మం, ఎముక, గోరు, సిరల్లో నిలకడగా ఉన్న రక్తం కొట్టుకోవు. కాంతిలో కొట్టుకునే భాగం మాత్రమే ధమని రక్తానిది. 660 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, ఉన్నదానికన్నా సుమారు పదిరెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. 800 దగ్గర రెండూ సమానం. 940 దగ్గర ఆక్సిజన్ ఉన్నదే కొంత ఎక్కువగా పీల్చుకుంటుంది. రెండు రంగుల్లోనూ కొట్టుక ఎంతో కొలిచి, ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే, వేలి మందమూ చర్మపు రంగూ చాలావరకు కొట్టివేయబడతాయి. పరిక్షేపణ వల్ల వచ్చే తేడా మాత్రం పూర్తిగా పోదు. అందుకే ఆ భాగఫలాన్ని ఆక్సిజన్ శాతంగా మార్చే పట్టికను సూత్రంతో కాకుండా, ఆరోగ్యవంతులైన వలంటీర్ల రక్తాన్ని నేరుగా పరీక్షించి తయారుచేస్తారు.

క్లిప్పు పెట్టేటప్పుడు

ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరిచి, గోరు పైకి ఉండేలా ఆక్సీమీటర్ క్లిప్పులో కొసదాకా దూర్చండి. చేతిని గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, అంకె నిలకడగా నిలిచేవరకు, కనీసం అరనిమిషం, మాట్లాడకుండా ఆగండి. అరుగు మీద ఎండలో కూర్చుని చూడవద్దు. పరికరం రెండు దీపాలనూ సెకనుకు వందలసార్లు మార్చి మార్చి వెలిగిస్తూ, మధ్యలో రెండూ ఆర్పి బయటి వెలుతురును తీసివేస్తుంది గాని, నేరుగా పడే ఎండ దానికి మించిన భారం.

మా మామ్మకు ఒక ఆషాఢంలో మనవరాళ్లు దుకాణంలో కొన్న నల్ల మెహందీ కోన్‌తో గోళ్లు కూడా నింపేశారు. ఆయాసంగా ఉందంటే క్లిప్పు పెట్టాను. అంకె రాలేదు, గీతలే వచ్చాయి. "ఏంట్రా అబ్బాయ్, నా వేలికి ప్రాణం లేదంటోందా?" అని ఆమె నవ్వింది. మెహందీ తగలని ఎడమ చిటికెనవేలికి పెడితే 97 వచ్చింది. చెట్టు ఆకు రుబ్బి పెట్టుకునే గోరింటాకు ఎర్రగా పండేది నీలం వైపు రంగులను పీల్చుకోవడం వల్లే కనుక, పలుచగా ఉంటే ఎర్రకాంతికి పెద్దగా అడ్డురాదు. నల్లగా పండినదీ, ముదురు గోళ్లరంగూ అడ్డొస్తాయి. వేరే వేలు దొరకకపోతే, గోరు మీదుగా కాకుండా వేలి రెండు పక్కలనుంచి కాంతి పోయేలా క్లిప్పును పక్కకు తిప్పి పెట్టవచ్చు.

ముందుగా చూడవలసినది నాడి అంకె. అది మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టినదానితో కలవకపోతే, పక్కనున్న ఆక్సిజన్ అంకెకు విలువ లేదు. వణుకుతున్న చేతికి పెడితే రెండు రంగుల్లోనూ ఒకే రకం కదలిక నమోదై, భాగఫలం 1కి చేరుతుంది. పట్టికలో 1కి ఎదురుగా ఉండేది సుమారు 85 శాతం. వణికే చేతిమీద 85 దగ్గర అతుక్కుపోయిన అంకెను చూసి బెంబేలెత్తకుండా, చేతిని నిలిపి మళ్లీ చూడండి. అంకె బాగుందని ధీమాపడకూడని సందర్భాలూ ఉన్నాయి. మూసిన గదిలో జనరేటరు పొగ పీల్చిన మనిషి రక్తంలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ రెండు దీపాలు ఆక్సిజన్‌గానే పొరబడతాయి. నల్లటి చర్మం ఉన్నవారిలో అంకె అసలుకన్నా కాస్త ఎక్కువగా చూపే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో, తక్కువ ఆక్సిజన్‌ను ఈ పరికరాలు పట్టుకోలేకపోవడం తెల్లజాతి రోగులకన్నా నల్లజాతి రోగుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనబడింది. ఎండలో పనిచేసి నల్లబడిన మన చేతులకూ ఈ జాగ్రత్త మంచిదే.

మంచి పరికరంలో కూడా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది కనుక, ఒక్క అంకెకన్నా వరస అంకెలు మేలు. ఒకే వేలికి, ఒకే సమయంలో, ఒకే భంగిమలో చూసి పుస్తకంలో రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్నవారికి 95 నుంచి 100 మధ్య ఉంటుంది. సరిగ్గా పెట్టి చూసినా 94కు దిగుతూ ఉన్నా, అంకె ఎలా ఉన్నా మనిషి ఆయాసపడుతున్నా, మూడో ప్రయత్నం కోసం ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పని అయ్యాక క్లిప్పు లోపలి రెండు చిన్న అద్దాలను మెత్తని గుడ్డతో తుడవండి. మన ఇళ్లలో వేళ్లకు కొబ్బరినూనె, పసుపు అంటుకుని ఉండటం మామూలే, ఆ పొర కూడా కాంతికి ఒక అడ్డే. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి.